ట్రైఫ్లైల్ సమూహము: సగము చెప్పిన పాఠము

కర్బన రసాయన శాస్త్రమును బోధించు గ్రంథములలో నిష్క్రమణ సమూహముల పట్టిక ఒకటి తరచుగా కనిపించును. ఒక కర్బన పరమాణువును అంటిపెట్టుకొని ఉండి, మరియొక సమూహము వచ్చి ఆ కర్బనమును చేరునప్పుడు, బంధములోని ఎలక్ట్రానుల జంటను వెంట తీసికొని విడిచిపోవు దానిని నిష్క్రమణ సమూహమందురు. సులభముగా విడిచిపోవునవి పట్టికలో పైనను, పట్టు విడువనివి క్రిందను ఉండును. క్లోరైడు, బ్రోమైడు, అయొడైడులు నడుమ నుండగా, దాదాపు అన్నింటికిని పైన ట్రైఫ్లేటు అను పేరు గౌరవస్థానమున నిలిచి ఉండును.

ఈ గౌరవమునకు కారణముగా సాధారణముగా మూడు మాటలు చెప్పబడుచున్నవి. దీని ఆమ్లము మిక్కిలి బలమైనది కనుక ఇది చక్కగా విడిచిపోవును అనునది మొదటిది. ఫ్లోరిన్ ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనును కనుక ఆ ఆమ్లమునకు అంత బలము కలిగినది అనునది రెండవది. విడిచిపోయిన పిదప దానితో పని లేదు అనునది మూడవది. మొదటి రెండును అచ్చులో ఉండును. మూడవది ఎక్కడను వ్రాయబడదు, కాని సమీకరణమున ట్రైఫ్లేటును బాణపు గుర్తు క్రింద చిన్న అక్షరములతో వ్రాసి వదలివేయుటలో అది దాగి ఉన్నది. మొదటి మాట సగము నిజము. రెండవది నిజమే గాని చాలదు. మూడవది సరిదిద్దవలసిన పొరపాటు.

ఈ సమూహము విద్యార్థికి ఎదురగునది కళాశాల తరగతులలోనే. అయినను బలమైన ఆమ్లము, బలహీనమైన క్షారము అను భావములు నాటుకొనునది ఉన్నత పాఠశాలలోనే. అక్కడ సగము చెప్పినది పైతరగతులలో పూర్తియగుట అరుదు. కనుక ఈ పాఠమును విమర్శదృష్టితో పరిశీలించుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ప్రయోజనకరము.

పేరు, పుట్టుక

ఈ సమూహమునకు నడుమ ఒక గంధక పరమాణువు ఉన్నది. దానికి రెండు ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువులు అంటి ఉండును. ఇంతవరకు దీని పేరు సల్ఫొనైల్. గంధకమునకు ఒక ప్రక్క, మూడు ఫ్లోరిన్ పరమాణువులను మోయుచున్న కర్బనము చేరినచో అది ట్రైఫ్లోరోమీథైల్ సల్ఫొనైల్ అగును. ఇంత పొడవైన పేరును కుదించి ట్రైఫ్లైల్ అందురు. గంధకము రెండవ ప్రక్క మరియొక ఆమ్లజని చేరినచో ట్రైఫ్లేటు అగును. ఆ ఆమ్లజనికి ఉదజని, అనగా హైడ్రోజన్, చేరినచో ట్రైఫ్లిక్ ఆమ్లము అగును.

ట్రైఫ్లైల్, ట్రైఫ్లేటు అను రెండు పేర్లను ఒకటిగా వాడుట విద్యార్థులలో తరచు కనిపించు తప్పు. ఆల్కహాలులోని ఉదజనిని తొలగించి ఆ చోట ప్రవేశపెట్టునది ట్రైఫ్లైల్. అది పోవునప్పుడు ఆల్కహాలుకు చెందిన ఆమ్లజనిని కూడ వెంటబెట్టుకొని ట్రైఫ్లేటుగా పోవును. వచ్చునప్పుడు రెండు ఆమ్లజనులు, పోవునప్పుడు మూడు. ఈ లెక్క గుర్తున్నచో పేర్లు తారుమారు కావు.

ట్రైఫ్లిక్ ఆమ్లమును 1954లో హేజెల్డీన్, కిడ్ అను బ్రిటిషు రసాయన శాస్త్రజ్ఞులు తొలిసారి వర్ణించిరి. పెద్ద యెత్తున తయారు చేయుటకు సైమన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1949లో ప్రకటించిన విద్యుద్విశ్లేషణ పద్ధతి తోడ్పడినది. మీథేన్ సల్ఫొనైల్ ఫ్లోరైడును నిర్జల హైడ్రోజన్ ఫ్లోరైడులో కరగించి విద్యుత్తును ప్రసరింపజేసినచో, కర్బనముపై నున్న మూడు ఉదజనుల స్థానమును మూడు ఫ్లోరినులు ఆక్రమించును. దానిని క్షారముతో విడగొట్టి, గంధకికామ్లము చేర్చి బట్టీపట్టినచో ట్రైఫ్లిక్ ఆమ్లము లభించును. ఇది రంగులేని ద్రవము. 162 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద మరుగును. తేమగాలి తగిలినచో పొగలు చిమ్మును.

కొలబద్ద ఏది?

ట్రైఫ్లిక్ ఆమ్లము గంధకికామ్లముకంటె నూరు రెట్లు బలమైనదని ఒక గ్రంథమున, వేయి రెట్లు బలమైనదని మరియొక గ్రంథమున చదివిన విద్యార్థి కలవరపడును. ఈ కలవరమునకు కారణము సంఖ్యలు కావు. ఆ సంఖ్యలు ఏ కొలబద్దపై చదివినవో చెప్పకపోవుట.

నీటిలో బలమైన ఆమ్లములన్నియు తమ ప్రోటానును ఇంచుమించు పూర్తిగా నీటికే ఇచ్చివేయును. హైడ్రోక్లోరికామ్లమైనను, ట్రైఫ్లిక్ ఆమ్లమైనను, సజల ద్రావణములో ఒకే బలము గలవిగా కనిపించును. పది వీశెలవరకే గీతలున్న స్ప్రింగు త్రాసుకు రెండు బియ్యపు బస్తాలను విడివిడిగా తగిలించినచో, రెండింటికిని ముల్లు చివరి గీతవద్దనే నిలుచును. అంతమాత్రమున రెండు బస్తాలును సమాన బరువని చెప్పరాదు. ఆ త్రాసు అంతకుమించి చూపలేదని మాత్రమే చెప్పవలెను.

అందుచేత ఇట్టి ఆమ్లములకు నీటితో పనిలేని హామెట్ కొలమానమును వాడుదురు. దీనిపై నూటికి నూరుపాళ్ల గంధకికామ్లము విలువ సుమారు –12. ట్రైఫ్లిక్ ఆమ్లము విలువ సుమారు –14. ఒక్కొక్క అంకెకు పదిరెట్లు చొప్పున, ఈ కొలమానముపై తేడా నూరు రెట్లకు కొంచెము పైన. గంధకికామ్లమును మించిన ఆమ్లములను అత్యామ్లములని పిలుచుట ఈ లెక్కనుబట్టియే.

ఇక మరియొక పోలిక. ఎసిటికామ్లములోని మూడు ఉదజనుల బదులు మూడు ఫ్లోరినులు పెట్టినచో ఆమ్లబలము పదివేల రెట్లకు మించి పెరుగును. రెండు విలువలును నీటిలో కొలిచినవే గనుక ఈ పోలిక న్యాయమైనది. మీథేన్ సల్ఫొనికామ్లము ఆమ్లబల సూచికను సుమారు –2 అనియు, ట్రైఫ్లిక్ ఆమ్లపు సూచికను సుమారు –14 అనియు వ్రాసి, ఒకదానినుండి మరియొకదానిని తీసివేసి లక్ష కోట్ల రెట్లు అని చెప్పుట మాత్రము అంత న్యాయమైనది కాదు. ఒకటి నీటికి దగ్గరగా కొలిచినది, రెండవది నీటికి అందని చోట అంచనా కట్టినది. గజముతో కొలిచిన దానినుండి కంటిచూపుతో అంచనా వేసిన దానిని తీసివేసి, శేషమును అంగుళములలో చెప్పినట్లుండును.

బలము వేరు, వేగము వేరు

మొదటి మాటలోని అసలు లోపము ఇంకొకటి. బలమైన ఆమ్లపు సంయుగ్మ క్షారము మంచి నిష్క్రమణ సమూహము అనునది ఉపయోగకరమైన సూత్రమే. కాని అది దారి చూపు సూత్రమే గాని, వేగమును నిర్ణయించు నియమము కాదు. ఆమ్లబలము ఉదజనితో తెగు బంధమునకు సంబంధించినది; అందులోను సమతాస్థితికి, అనగా చర్య ముగిసి నిలకడకు వచ్చిన స్థితికి సంబంధించినది. విడిచిపోవుట కర్బనముతో తెగు బంధమునకు సంబంధించినది. అందులోను ఆ తెగుటకు పట్టు కాలమునకు సంబంధించినది.

ఈ భేదమును చూపుటకు టోసిలేటు, బ్రోమైడులకంటె మంచి ఉదాహరణము లేదు. హైడ్రోబ్రోమికామ్లపు ఆమ్లబల సూచిక సుమారు –9. టోసికామ్లపు సూచిక సుమారు –3. సూత్రమును అక్షరాలా నమ్మినచో బ్రోమైడు టోసిలేటుకంటె ఎన్నోరెట్లు వేగముగా విడిచిపోవలెను. వాస్తవమున పెక్కు చర్యలలో టోసిలేటే ముందు విడిచిపోవును. ఈ రెండింటి వేగముల నిష్పత్తి స్థిరమైనది కూడ కాదు. అణువునుబట్టి, ద్రావణినిబట్టి, దాడిచేయు సమూహమునుబట్టి అది ఒకటికంటె తక్కువ మొదలు వేల వరకు మారుచుండును.

కనుక ట్రైఫ్లేటుకు దక్కిన గౌరవస్థానము ఆమ్లబలపు పట్టికనుండి ఊహించినది కాక, గడియారముతో కొలిచినది కావలెను. అట్టి కొలత ఉన్నది. 1968లో స్ట్రైట్వీజర్, ఆయన సహచరులు ఇథైల్ ట్రైఫ్లేటును ఎసిటికామ్లములో ఉంచి, అది ఎంత వేగముగా చర్య జరుపునో కొలిచిరి. ఇథైల్ టోసిలేటుకంటె అది సుమారు 30,000 రెట్లు వేగమైనదని తేలినది. అనగా టోసిలేటుకు ఎనిమిది గంటలకు పైగా పట్టు పని ట్రైఫ్లేటుకు ఒక్క సెకనులో తీరును. పాఠమునకు పునాదిగా ఉండవలసినది ఈ సంఖ్య. అనేక గ్రంథములలో –14 అను సూచిక కనిపించును గాని, ఈ 30,000 కనిపించదు. ఊహకు ఇచ్చిన చోటు కొలతకు ఇవ్వకపోవుట విజ్ఞాన బోధనలో చిన్న లోపము కాదు.

ఫ్లోరిన్ ఒక్కటేనా?

ఫ్లోరిన్ ఎలక్ట్రానులను లాగుకొనుననుట నిజమే. కాని ఎలక్ట్రానులను లాగుకొను ఫ్లోరినులు మూడున్న ప్రతి సమూహమును ఇట్లు విడిచిపోదు. ట్రైఫ్లోరోఎసిటేటు ఇందుకు సాక్షి. అందును అవే మూడు ఫ్లోరినులున్నవి. అయినను అది ట్రైఫ్లేటుకు చాల వెనుకబడి ఉండును.

తేడా ఆమ్లజనుల పంపకములో ఉన్నది. ట్రైఫ్లేటు తీసికొనిపోయిన ఋణావేశము ఒక్క ఆమ్లజనిపై నిలువదు. మూడు ఆమ్లజనులును దానిని సమముగా పంచుకొనును. ట్రైఫ్లోరోఎసిటేటులో పంచుకొనువి రెండే. పంచుకొన్న పిదప మిగిలిన భారమును కూడ ఫ్లోరినులు తమవైపు కొంత లాగుకొనును. గంధకము మోయు ధనావేశము మరికొంత తోడగును. ఇన్ని చేతులు కలిసి మోయుటచేత ట్రైఫ్లేటు అయాను తృప్తి చెంది ఉండును. అది మరల ఏ కర్బనమును పట్టుకొనదలచదు. ప్రోటానును సయితము ఆశింపదు.

ఈ తృప్తియే ట్రైఫ్లేటు స్వభావములోని ప్రధాన లక్షణము. దాని గుణములన్నియు ఇందులోనుండియే పుట్టుచున్నవి. దాని దోషములు కూడ ఇందులోనుండియే పుట్టుచున్నవని ఈ క్రింద తెలియగలదు.

నూట పది నిమిషముల గడువు

విడిచిపోవు వేగముపై ప్రాణములు ఆధారపడిన సందర్భము ఒకటి ఉన్నది. పాఠములలో చేర్చదగిన ఉదాహరణము అదియే.

కాన్సరు కణములు సాధారణ కణములకంటె ఎక్కువ గ్లూకోజును గ్రహించును. గ్లూకోజు అణువులోని రెండవ కర్బనముపై నున్న ఆమ్లజని, ఉదజనుల జంటను తీసివేసి, ఆ చోట రేడియోధార్మిక ఫ్లోరిన్ ఉంచినచో, కణములు దానిని గ్లూకోజువలెనే లోనికి తీసికొనును గాని పూర్తిగా జీర్ణము చేసికొనలేవు. అది అక్కడనే చిక్కుకొని ఉండును. ఆ ఫ్లోరిన్ వెలువరించు పాజిట్రాను సమీపములోని ఎలక్ట్రానుతో కలిసి నశించునప్పుడు రెండు గామా కిరణములు ఎదురెదురు దిక్కులకు పోవును. వాటిని పట్టి లెక్కకట్టినచో కాన్సరు ఎక్కడ ఉన్నదో బొమ్మ కట్టవచ్చును. దీనినే పెట్ పరీక్ష అందురు. ఈ చక్కెరను సంక్షిప్తముగా ఎఫ్‌డీజీ అందురు.

ఫ్లోరిన్-18 అను ఈ సమస్థానీయపు అర్ధజీవిత కాలము సుమారు 110 నిమిషములు మాత్రమే. ప్రతి 110 నిమిషములకు ఉన్నదానిలో సగము మాయమగుచుండును. తయారీకి 50 నిమిషములు పట్టినచో పదార్థము చేతికి వచ్చుసరికి నూటికి 73 పాళ్లు మిగులును. 220 నిమిషములు పట్టినచో నూటికి 25 పాళ్లే మిగులును. రసాయన శాస్త్రజ్ఞుడు ఇక్కడ పోటీ పడునది గడియారముతో.

ఎఫ్‌డీజీని 1976లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో తయారు చేసి, ఆ సంవత్సరముననే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మనుష్యులలో తొలిసారి వినియోగించిరి. ఆనాటి పద్ధతిలో ఫ్లోరిన్ వాయువును వాడవలసివచ్చెడిది. వాయువు అణువులోని రెండు పరమాణువులలో ఒకటియే చక్కెరను చేరును గనుక సగము రేడియోధార్మికత మొదటనే వ్యర్థమగుచుండెను. పైగా కోరిన చక్కెరతోపాటు కోరని చక్కెరయు ఏర్పడుచుండెను.

1986లో పశ్చిమ జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రమునకు చెందిన హామాకర్, కోనెన్, ష్టోక్లిన్ అను మువ్వురు ఈ చిక్కును విప్పిరి. వారు గ్లూకోజుతో కాక మానోజు అను చక్కెరతో ప్రారంభించిరి. ఈ రెండు చక్కెరలకును తేడా రెండవ కర్బనమువద్ద మాత్రమే. గ్లూకోజులో ఒక దిక్కునకు ఉన్న సమూహము మానోజులో దానికి ఎదురు దిక్కునకు ఉండును. వారు మానోజులోని ఇతర స్థానములను ఎసిటేటులతో కప్పి, రెండవ కర్బనముపై మాత్రము ట్రైఫ్లేటును నిలిపిరి. ఫ్లోరైడు అయాను వెనుకనుండి వచ్చి కర్బనమును తాకును, ట్రైఫ్లేటు ముందునుండి విడిచిపోవును. గాలికి గొడుగు వెనుకకు తిరిగినట్లు కర్బనముచుట్టునున్న అమరిక తలక్రిందులగును. మానోజు అమరిక గ్లూకోజు అమరికగా మారును. ఎసిటేటులను తొలగించినంతనే ఎఫ్‌డీజీ సిద్ధము. మొత్తము పనికి సుమారు 50 నిమిషములు పట్టినది.

ఇక్కడ ట్రైఫ్లేటునే ఎన్నుకొనుట అలంకారమునకు కాదు. చక్కెర వలయములోని రెండవ కర్బనము ఇట్టి మార్పునకు సులభముగా లొంగదు. ప్రక్కనున్న కర్బనము మోయు రెండు ఆమ్లజనులు దీనికి అడ్డుపడును. చేతిలోనున్న ఫ్లోరైడు తూకమునకు అందనంత స్వల్పము. దానిని చురుకుగా నుంచుటకు పొటాసియమును తనలో బంధించు పంజరమువంటి అణువునొకదానిని కూడ వాడవలసివచ్చినది. ఇంత మొండి కర్బనమువద్ద, ఇంత స్వల్ప పదార్థముతో, ఇంత తక్కువ వ్యవధిలో పని ముగియవలెనన్నచో సామాన్యమైన నిష్క్రమణ సమూహము చాలదు. పైన చెప్పిన 30,000 అను సంఖ్యకు అర్థమేమో ఇక్కడ తెలియును.

మిగిలిన ముక్క మాట

విడిచిపోవు దానినిగూర్చి పాఠములు ఎంతగానో చెప్పును. వెనుక మిగులు ముక్కనుగూర్చి తక్కువగా చెప్పును. సమూహము ఎంత సులభముగా విడిచిపోవునో, దానిని మోయుచున్న కర్బనము అంత సులభముగా మరియొక అణువుపై పడును. మీథైల్ ట్రైఫ్లేటు ఇందుకు గట్టి ఉదాహరణము. అది తన మీథైల్ సమూహమును నత్రజనికి, ఆమ్లజనికి, గంధకమునకు, దేనికైనను అంటగట్టగలదు. పరీక్షనాళికలో ఇది గొప్ప సౌకర్యము. కాని శరీరములోని ప్రోటీనులలోను, జన్యుపదార్థములోను అవే నత్రజని, ఆమ్లజని, గంధకములు ఉన్నవి. అందువలననే ఇది మిక్కిలి ప్రమాదకరమైన ద్రవము. మేటి నిష్క్రమణ సమూహము అను పొగడ్తను బోధించు ప్రతి చోటను, జాగ్రత్త అను మాటను కూడ అదే వాక్యములో బోధింపవలెను.

విడిచిపోయి ఎక్కడికి?

ఇక మూడవ మాట. 178 గ్రాముల ఇథైల్ ట్రైఫ్లేటు పూర్తిగా చర్య జరిపినచో కోరిన ఇథైల్ భాగము 29 గ్రాములు, విడిచిపోయిన ట్రైఫ్లేటు 149 గ్రాములు. నూటికి 84 పాళ్ల పదార్థము బాణపు గుర్తు క్రింద చిన్న అక్షరములలో మాయమగుచున్నది. కాగితముపై మాయమైనంతమాత్రమున ప్రకృతిలో మాయము కాదు. ద్రవ్యనిత్యత్వ నియమమును పాఠశాలలో చెప్పి, కళాశాలలో మరచుట తగునా?

టోసిలేటు కూడ బరువైనదే. దాని లెక్కయు నూటికి 85 పాళ్లు. కాని టోసిలేటును ఆహారముగా గ్రహించి విడగొట్టగల బాక్టీరియాలున్నవి. ట్రైఫ్లేటుకు ఉదజనులతో కూడిన జోడు అనదగిన మీథేన్ సల్ఫొనేటును తిను బాక్టీరియాలు నేలలోను, సముద్రములోను ఉన్నవి. ఆ మూడు ఉదజనుల స్థానమున మూడు ఫ్లోరినులు చేరిన పిదప మాత్రము జీవులకు అది సులభముగా కొరుకుడుపడదు. కర్బన ఫ్లోరిన్ బంధము కర్బన రసాయనములోని మిక్కిలి దృఢమైన ఏకబంధములలో ఒకటి. ట్రైఫ్లేటు నీటిలో బాగుగా కరగును. సాధారణ లవణములుగా అడుగున పేరుకొనదు.

తెలుగునాట ఫ్లోరిన్ అనగానే నల్లగొండ, ప్రకాశము జిల్లాల ఫ్లోరోసిస్ వ్యాధి గుర్తునకు వచ్చును. నాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి ఉన్నట్లు 1937లో వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ఫ్లోరైడు వేరు, ఈ ట్రైఫ్లేటు వేరు. ఈ భేదమును ఉపాధ్యాయులు స్పష్టముగా చెప్పవలెను. రాళ్లనుండి నీటిలోనికి దిగు ఫ్లోరైడు అయాను కాల్షియమును వెదకి పట్టుకొనును. ఎముకలను, దంతములను చెరచునది అందుచేతనే. సున్నము, పటికలతో దానిని నీటినుండి తొలగించు నల్లగొండ పద్ధతికి వీలు కలిగినది కూడ ఫ్లోరైడు ఇతర పదార్థములను అంటిపెట్టుకొను గుణము చేతనే. ట్రైఫ్లేటు దేనిని పట్టుకొనదు. కనుక ఎముకలలో అట్లు పేరుకొనదు. పటికకును అట్లు చిక్కదు. పట్టుకొను గుణము ఫ్లోరైడుకు దోషమైనట్లే, పట్టుకొనని గుణము ట్రైఫ్లేటుకు మరియొక విధమైన దోషమైనది.

2016లో జర్మను పరిశోధకులు ట్రైఫ్లేటు జలచక్రములో ఉన్నట్లు ప్రకటించిరి. ట్రైఫ్లైల్ సమూహములు రెండు ఒకే నత్రజనికి చేరగా ఏర్పడు అయానును కొన్ని లిథియం బ్యాటరీలలో వాడుదురు. 2024లో వెలువడిన పరిశోధనలో, అమెరికా, బెల్జియం, ఫ్రాన్సు దేశముల కర్మాగారముల పరిసరములలో నీటిలోను నేలలోను ఈ అయాను కనబడినది. ఇదే వంశములోని దీర్ఘశృంఖల పదార్థము, ఎనిమిది కర్బనములు గలది, మనుష్యుల రక్తములో ఏండ్లతరబడి నిలిచి ఉండునని తేలిన పిదప 2009లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దానిని నియంత్రిత పదార్థముల జాబితాలో చేర్చినది. ట్రైఫ్లేటును దానితో సమానముగా చూచుట తగదు. ట్రైఫ్లేటు నీటిని ఆశ్రయించునది, రక్తములోని ప్రోటీనులను ఆ విధముగా అంటిపెట్టుకొనునది కాదు. దీనిపై మోపదగిన అభియోగము విషమని కాదు, నశింపదని.

ఈ చర్చలో న్యాయము తప్పరాదు. ఒక రోగి పరీక్షకు కావలసిన ఎఫ్‌డీజీ తయారీలో వాడు ట్రైఫ్లేటు మిల్లీగ్రాములలో ఉండును. దానివలన కలుగు మేలు ప్రాణముతో సమానము. నీటిలోని ట్రైఫ్లేటుకు ఆ పరీక్షలను నిందించుట అవివేకము. ప్రశ్నింపవలసినది టన్నులలో సాగు వాడుకలను. అక్కడ కూడ దారులు లేకపోలేదు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు కొబయాషి అరుదైన లోహముల ట్రైఫ్లేటులు నీటిలో సయితము చెడక ఉత్ప్రేరకములుగా పనిచేయునని చూపెను. పని ముగిసిన పిదప వాటిని తిరిగి రాబట్టి మరల వాడవచ్చును. విషపూరిత ద్రావణులకు బదులు నీటిని వాడుటకు వీలగుటచేత వీటిని హరిత రసాయన శాస్త్రమునకు ఆదర్శముగా చెప్పుదురు.

ఆ పొగడ్తను కూడ తూచి చూడవలెను. 1998లో అనస్టాస్, వార్నర్ ప్రకటించిన హరిత రసాయన శాస్త్రపు పన్నెండు సూత్రములలో నిరపాయకరమైన ద్రావణిని వాడవలెనన్నది ఒకటి. పని ముగిసిన పిదప పదార్థము ప్రకృతిలో విచ్ఛిన్నము కావలెనన్నది మరియొకటి. ట్రైఫ్లేటు మొదటి పరీక్షలో ఉత్తీర్ణమగుటకు కారణమైన చెడని గుణమే రెండవ పరీక్షలో దానిని ఓడించుచున్నది. తిరిగి రాబట్టి వాడినంతకాలము అది హరితము. కాలువలోనికి వదలినంతనే కాదు.

పట్టికకు మూడవ నిలువు వరుస

కర్బనమును సునాయాసముగా విడుచుటకు ట్రైఫ్లేటులోని ఏ తృప్తి కారణమో, నీటిలో చెడక నిలుచుటకు కూడ చాలవరకు ఆ తృప్తియే కారణము. ఫ్లాస్కులో గుణమైనది ఏటిలో దోషమైనది. ఇవి రెండు వేరు వేరు పాఠములు కావు. ఒకే పాఠములోని రెండు సగములు. గ్రంథములు మొదటి సగమును చక్కగా చెప్పుచున్నవి. రెండవ సగమును చెప్పకపోవుటచేత విద్యార్థికి రసాయన చర్య అనగా బాణపు గుర్తుతో ముగియు వ్యవహారమను భ్రమ కలుగుచున్నది.

దీనిని సరిదిద్దుటకు క్రొత్త గ్రంథము అవసరము లేదు. నిష్క్రమణ సమూహముల పట్టికను నల్లబల్లపై వ్రాయునప్పుడు మూడు నిలువు వరుసలు గీసినచో చాలును. మొదటి వరుసలో ఆమ్లబలము, ఏ కొలబద్దపై కొలిచినదో దానితో సహా. రెండవ వరుసలో విడిచిపోవు వేగము, ఏ అణువునుండి, ఏ ద్రావణిలో కొలిచినదో దానితో సహా. మూడవ వరుసలో విడిచిపోయిన పిదప దాని గతి. బ్రోమైడు సముద్రములో సహజముగానే ఉన్నది. టోసిలేటును బాక్టీరియాలు విడగొట్టగలవు. ట్రైఫ్లేటు ఎదుట వ్రాయవలసిన మాట: నిలిచి ఉండును.

ఈ మూడవ వరుసతో చదువుకొన్న విద్యార్థి రేపు ప్రయోగశాలలో ట్రైఫ్లేటు సీసాను చేత పట్టినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనును. ఇంత వేగము ఈ పనికి అవసరమా? అవసరమైనచో, విడిచిపోయినదానిని తిరిగి రాబట్టు ఉపాయమేది? ఎఫ్‌డీజీ వంటి చోట మొదటి ప్రశ్నకు అవునని తడుముకొనక చెప్పవచ్చును. అనేక ఇతర చోట్ల టోసిలేటు, మరికొంత ఓపిక చాలును.